ఐవీ బిగించిన ఆరు లైట్లు

లంబ్‌క్లఫ్ గరాజుకి ఐవీ క్రాబ్‌ట్రీ పొద్దున్నే వచ్చి ముందుగా బోర్లించిన పాల పెట్టె మీద కూర్చునేది. రెండు మోకాళ్ళూ అరచేతులతో రుద్దుకుని, "లేవండమ్మా, మన పని ఎవరూ చేసిపెట్టరు" అని వాటితో అనేది. ఆ తరవాతే లేచేది. లేచాక సాయంత్రం దాకా మళ్ళీ కూర్చునేది కాదు. పడుకోవడం మాత్రం రోజుకి చాలాసార్లు ఉండేది, సిమెంటు నేల మీద, కార్ల కింద.

ఆ గరాజులో నేను ఇంజన్ల వైపు ఉండేవాణ్ణి. వైర్లన్నీ ఆమెవి. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం లారీల షెడ్డులో పడేస్తే, కాలిపోయిన లారీలు విప్పుకుంటూ, ఏ వైరు ఎక్కడికి పోతుందో వేళ్ళతో తడుముకుంటూ నేర్చుకుందట. యుద్ధం అయ్యాక తోటి ఆడపిల్లలు మిల్లుకో కాపురానికో వెళ్ళిపోయారు. ఈమె నార్మన్ హోయిల్ తండ్రి దగ్గరకి వచ్చి పని అడిగింది. ఆ రోజుల్లో కార్ల కరెంటు పని తెలిసినవాళ్ళు మా లోయలో ఎవరూ లేరు గనక ఆయన వద్దనలేకపోయాడు. తండ్రి పోయాక గరాజు నార్మన్‌ది అయింది. ఐవీ మాత్రం అక్కడే ఉంది.

లైటు మసకగా ఉందని ఎవరొచ్చినా ఆమె బల్బు జోలికి పోయేది కాదు. ముందు ఎర్తు చూసేది. లైటుకి వెళ్ళిన కరెంటు కారు ఒంటి ఇనుము మీదుగా తిరిగి బ్యాటరీకి చేరాలి. వైరుని ఇనుముకి బిగించిన బోల్టు దగ్గర కాస్త తుప్పు పట్టినా సగం వెలుతురు అక్కడే చచ్చిపోతుంది. ఆమె ఆ చోట రంగంతా గీకి, ఇనుము తళతళలాడేదాకా రుద్ది, బోల్టు బిగించి, పైన వేలితో కొంచెం గ్రీజు రాసేది. "బల్బుని తిట్టకండి, తుప్పుని తిట్టండి" అనేది. వందకి తొంభై సార్లు ఆమె మాటే నిజమయ్యేది. బహుశా అందుకే మిగతా పదిసార్ల గురించి ఆలోచించే అలవాటు ఆమెకి పోయింది.

సెల్విన్ హార్స్‌ఫాల్ అద్దకం మిల్లులో నలభై ఏళ్ళు ఉన్నిగుడ్డకి రంగులు ముంచాడు. మిల్లు మూసేశాక కూడా అతని గోళ్ళ మొదళ్ళలో నీలం పోలేదు. పెళ్ళి చేసుకోలేదు. బదులుగా ఒకరి దగ్గర ఎర్రటి ఎంజీ స్పోర్ట్స్ కారు కొన్నాడు. అప్పటికే ఏడేళ్ళు వాడిన కారు, రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు. నేను చెబుతున్న రోజులకి దానికి ఇరవై ఏళ్ళు దాటాయి.

"పెళ్ళానికి బదులు కారు తెచ్చుకున్నాడు" అనేవాళ్ళు ఊళ్ళో.

"కారయితే ఎదురు మాట్లాడదు" అనేవాడు అతను.

"నీ కారు నెలకోసారి అలిగి నా దగ్గరికి పుట్టింటికొచ్చినట్టు వస్తోంది కదయ్యా, దాన్నేమంటారు మరి?" అనేది ఐవీ.

ఆ రెండో సీటు మనిషికి కాదు, అతని బూరకి. యుఫోనియం అంటారు దాన్ని. పెద్ద ఇత్తడి బూర, చంటిపిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నట్టు పట్టుకుని ఊదాలి. సెల్విన్ దానికి సీటు బెల్టు కూడా కట్టేవాడు. మా ఊరి మిల్లుకి బ్యాండు ఉన్నన్నాళ్ళూ అందులోనే ఊదాడు. మిల్లుతో పాటు బ్యాండు కూడా మూతపడింది. అప్పుడు అతను కొండ దాటి ఓవర్‌షా బ్యాండులో చేరాడు. ఓవర్‌షా లాంకషైర్ వైపు, మా యార్క్‌షైర్‌కి తరతరాలుగా పోటీ జిల్లా. యార్క్‌షైర్‌లో పుట్టినవాడు కొండ దాటి లాంకషైర్ వాళ్ళకి బూర ఊదడమంటే మా పబ్బులో చిన్న నేరం కాదు. "ఏం సెల్విన్, ఈవారం శత్రువులకి ఏ పాట ఊదావు?" అని అడగని వాడు పాపాత్ముడు. అతను బీరు కిందపెట్టి, "మీలో ఒక్కడు ఊదగలిగితే నేనెందుకు పోతాను?" అనేవాడు.

గురువారం గురువారం సాధన. కొండమీది బీడుదారిలో వెళ్ళాలి. సాయంత్రం బస్సు ఆ దారిన పోదు. చుట్టూ తిరిగి రెండు బస్సులు మారి వెళ్ళొచ్చు గానీ, తిరుగు బస్సు సాధన సగంలో ఉండగానే వెళ్ళిపోతుంది. కాబట్టి కారు లేకపోతే బ్యాండు లేదు. బ్యాండు లేకపోతే సెల్విన్‌కి వారంలో ఏడు రోజులూ ఒకేలాంటి ఉత్త బుధవారాలే.

మొదటిసారి అతను లైట్ల కోసం వచ్చింది ఒక అక్టోబరులో.

"పిల్లా, మంచులో దారి కనబడ్డం లేదు. రెండు ఫాగ్ లైట్లు బిగించు."

అప్పటికి ఐవీకి యాభై ఆరు. మా వైపు ఆడవాళ్ళు చచ్చేదాకా పిల్లలే. మొగవాళ్ళు మాత్రం యాభై దాటగానే ముసలాళ్ళు.

"మంచులో ఎవరికి కనబడుతుంది, ముసలాడా? కనబడకపోతేనే దాన్ని మంచు అంటారు" అంది ఆమె. అని ముందు ఎర్తులు చూసింది. హెడ్‌లైట్ల వెనక తుప్పు గీకి శుభ్రం చేసింది. తరవాత బంపరు కింద ఇనపపట్టీ వేసి, దాని మీద రెండు మంచు లైట్లు కిందకి, రోడ్డుకి దగ్గరగా బిగించింది. మంచులో లైటు ఎంత కిందికుంటే అంత మంచిది. మంచు కిందనుంచి వెలుతురు పాకి వెళ్ళాలి. పైనుంచి పడితే తెల్లగోడ మీద పడ్డట్టు తిరిగి మన కళ్ళలోకే వస్తుంది.

మా కొండదారుల్లో మంచులో నడిపే పద్ధతి ఒకటుంది. ఎదరికి చూడకూడదు. ఎడమ అంచు చూడాలి, రోడ్డు అయిపోయి గడ్డి మొదలయ్యే గీత. ఆ గీతని కంటి కొసతో పట్టుకుని దాని వెంటే పోవాలి. మా పిల్లలకి బండి నేర్పేటప్పుడు చెప్పే మొదటి మాట అదే. అందుకని ఐవీ ఎప్పుడూ ఎడమవైపు మంచు లైటుని కాస్త పక్కకి తిప్పి, గడ్డి అంచు మీద పడేట్టు పెట్టేది. సెల్విన్‌కీ అలాగే పెట్టింది. "ఇదీ వెలుతురంటే" అని అతను సంబరంగా వెళ్ళాడు.

మరుసటి అక్టోబరులో మళ్ళీ వచ్చాడు. "దూరం కనబడ్డం లేదు పిల్లా." ఐవీ మళ్ళీ ఎర్తులు గీకింది. గ్రిల్లు ముందు రెండు దూరపు లైట్లు పెట్టింది. స్విచ్చు మీద బరువు పడకుండా రిలే వేసింది. ఆ వారమంతా వాన. గరాజు తలుపు కిందనుంచి నీళ్ళు వచ్చి ఆమె పడుకున్న గోనె తడిసిపోయింది. సాయంత్రం లేవబోతే నడుం పట్టేసింది. నేనూ నార్మనూ చెరో చెయ్యి పట్టుకుని లేపాం.

"నా చిన్నప్పుడు నేల ఇంత దూరంలో ఉండేది కాదు" అంది, మా భుజాల మీద వేలాడుతూ.

మూడో అక్టోబరులో కారు శబ్దం వినగానే ఆమె పాల పెట్టె మీద కూర్చుండిపోయింది.

"వద్దు సెల్విన్. చెప్పకు."

"ఇంకో రెండు మంచు లైట్లు. మధ్యలో."

"నీ డైనమో సంగతి తెలుసా నీకు? ఇంట్లో సంపాదించేవాడు ఒక్కడు, తినేవాళ్ళు పన్నెండు మంది. హెడ్‌లైట్లు, నాలుగు లైట్లు, హీటరు, వైపర్లు. ఇంకో రెండు నోళ్ళు తెస్తావా? కొండ మీదే బ్యాటరీ చచ్చి కూర్చుంటుంది."

"హీటరు ఆపేస్తాను."

"నవంబరులోనా?"

"కోటుంది కదా. వైపరు కూడా అవసరమైనప్పుడే వేస్తాను."

ఆమె అతని వంక చూసింది. సరదాకి లైట్లు పెట్టించుకునేవాళ్ళు ఉంటారు, మెరుపు కోసం. వాళ్ళెవరూ హీటరు వదులుకోరు. ఆ మాట ఆమె తరవాత నాతో అంది. అప్పుడు మాత్రం "నీ ఖర్మ" అని డ్రిల్లు తీసుకుంది.

బిగించడం అయ్యాక గోడకి ఎదురుగా కారు నిలబెట్టి లైట్ల చూపు సరిచేసే పని. ఆమె సుద్దతో గోడ మీద అడ్డంగా గీత గీసేది. సొంతదారుని సీట్లో కూర్చోబెట్టేది. అతని బరువు లేకపోతే కారు ముక్కు పైకి లేచి లెక్క తప్పుతుంది. సెల్విన్ కూర్చున్నాడు. ఐవీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో లైటుకి మర తిప్పుతోంది.

"గీత మీద పడిందా?"

సెల్విన్ తల ఒక పక్కకి వంచి, కోడి గింజని చూసినట్టు ఓరగా చూశాడు. "పడింది."

"మెడ పట్టిందా?"

"బూర బరువు. ఆ పక్కే ఎత్తుకుంటాను కదా."

ఆమెకి నమ్మబుద్ధయింది. తన ఒంట్లో పట్టని చోటు లేదు మరి. ఆ చూపు నేనూ చూశాను, నేనూ మెడనొప్పే అనుకున్నాను.

నెల తిరక్కుండానే ఒక గురువారం సాయంత్రం, పని కట్టేసే వేళకి అతను గరాజు గుమ్మంలో నిలబడ్డాడు. బయట మంచు అప్పటికే పెట్రోలు పంపుల మీదకి దిగింది.

"ఇంకా చాలట్లేదు, పిల్లా."

నార్మన్ ఆఫీసు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏడోది పొగగొట్టానికి కడదాం. తీరంలో దీపస్తంభం పాడైతే నిన్ను పంపిస్తారు!" అన్నాడు.

ఐవీ నవ్వలేదు. చేతులు తుడుచుకుంటోంది. రోజంతా ఒక పాల వ్యాను కింద ఉంది. మొహం నల్లగా, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆరు లైట్లకి ఆరు ఎర్తులు నా చేత్తో గీకాను. ఆరింటినీ గోడ మీద నేనే పెట్టాను. దాంట్లో లోపం ఉంటే నా లోపం" అంది. "పద. నేనూ వస్తాను. కొండ మీద ఎలా ఉందో నా కళ్ళతో చూస్తే గానీ తెలీదు."

"బూరో?"

"నా ఒళ్ళో పెట్టు. ఇన్నేళ్ళకి ఒళ్ళో ఎవరో ఒకరు కూర్చుంటారు."

అలా ఆమె ఆ కారెక్కింది. తరవాత జరిగింది ఆమె చెబితేనే నాకు తెలుసు. ఒకసారి కాదు, ముక్కలు ముక్కలుగా, టీ తాగేటప్పుడు చెప్పింది. కొంత సెల్విన్ చెప్పాడు.

ఊరి చివరి ఇళ్ళు దాటి ఎత్తెక్కగానే మంచు చిక్కబడింది. సెల్విన్ స్విచ్చులన్నీ వేశాడు. ఆరు లైట్లూ, హెడ్‌లైట్లూ. ఎదుట పాలగిన్నె బోర్లించినట్టు తెలుపు తప్ప ఏమీ లేదు.

"దూరం లైట్లు ఆర్పు. హెడ్‌లైట్లు కూడా. కింది నాలుగే ఉంచు."

ఆర్పాడు. తెలుపు కిందికి దిగింది. రోడ్డు కనబడింది, పక్కన గడ్డి, మంచు కురిసి దారి కప్పేసే రోజుల కోసం గుర్తుగా పాతిన కర్రలు. "ఇప్పుడెలా ఉంది?" అని ఆమె అడిగితే, "నయం" అన్నాడు. హీటరు లేదు. బూర ఇత్తడి చల్లదనం పెట్టెలోంచి కూడా ఆమె మోకాళ్ళకి తగులుతోంది.

అతను బాగా నడుపుతున్నాడు. అది చూసి ఆమెకి ఆశ్చర్యమేసింది. ప్రతి మలుపూ ముందే తెలిసినట్టు స్టీరింగు తిప్పుతున్నాడు. ఎడమ అంచుకి ఎంత దూరం ఉండాలో అంతే దూరం. తల కొంచెం పక్కకి వంచి. ఆమె లైట్లని చూస్తోంది. వెలుతురు ఎక్కడ మొదలవుతోంది, ఎక్కడ చెదిరిపోతోంది, ఎడమ లైటు గడ్డి మీద సరిగ్గా పడుతోందా. అన్నీ తాను పెట్టినట్టే ఉన్నాయి. లోపం ఏమిటో తెలియడం లేదు. అలసటకి కళ్ళు మూతలు పడుతున్నాయి.

కొండమీద గొర్రెలకి ఒక అలవాటు. పగలంతా కాస్త వేడెక్కిన తారు రోడ్డు మీద సాయంత్రం వచ్చి పడుకుంటాయి. ఒకటి రోడ్డు నడిమధ్యన పడుకుని ఉంది. నాలుగు లైట్లూ దాని మీదే ఉన్నాయి. దాని ఉన్ని మీద గొర్రెలకాపరి వేసిన ఎర్రరంగు మచ్చ కూడా ఐవీకి కనబడింది. బ్రేకు వేస్తాడని చూసింది. వేయలేదు.

"సెల్విన్, గొర్రె."

"ఏదీ?"

ఆమె ఇద్దరి మధ్య ఉన్న హ్యాండ్‌బ్రేకు పట్టుకుని రెండు చేతులా లాగింది. బూర ఆమె గడ్డానికి కొట్టుకుంది. కారు వెనకభాగం పక్కకి జారి, గడ్డిలోకి ఒక చక్రం దిగి, ఆగింది. గొర్రె లేచి నిలబడింది. వాళ్ళని చూసి, నములుతున్నది మింగి, తీరిగ్గా దిగువకి నడిచింది.

 ఇంజను ఆగిపోయింది. లైట్లు కొంచెం కొంచెంగా పసుపుబారుతున్నాయి.

"ఎన్నాళ్ళైంది?" అంది ఐవీ.

"మూడో ఏడు." అతను స్టీరింగు వదల్లేదు. "నడిమధ్యన మసక, పిల్లా. నీ మొహం చూస్తే మొహం ఉండదు, చెవులుంటాయి. పక్కలు బాగానే కనబడతాయి. హాలిఫాక్స్‌లో కళ్ళ డాక్టరు చూశాడు. చేసేదేం లేదన్నాడు."

"మూడేళ్ళ నుంచి నేను నీ ఎర్తులు గీకుతున్నానా?"

"అంచు కనబడితే చాలు కదా మన దారికి. అంచు ఇంకాస్త వెలిగితే ఇంకో ఏడు నెట్టుకురావచ్చనుకున్నాను."

అప్పుడర్థమైంది ఆమెకి. మంచులో అందరూ కంటి కొసతో అంచు చూసే నడుపుతారు. ఇతనికి మిగిలింది ఆ కంటి కొస ఒక్కటే. అందుకే మంచులో ఎవరికీ తేడా తెలియలేదు. ఎండలో నడిపి ఉంటే మొదటి నెలలోనే ఊరంతా చూసేది. తాను పక్కకి తిప్పి పెట్టిన ఆ ఎడమ లైటే ఇతన్ని మూడు చలికాలాలు రోడ్డు మీద ఉంచింది.

"మరి పాటల కాయితాలు?"

"కంఠతా. కొత్త పాటయితే పక్కవాడు ఊదేదాకా ఉత్తి గాలి ఊదుతాను. రెండోసారికి వచ్చేస్తుంది."

"మీ బ్యాండు మాస్టరుకి తెలీదా?"

"ఎవరికీ తెలీదు. నీకే."

ఆమె బూరని కిందకి దించి, తలుపు తీసి, చలిలో కారు చుట్టూ నడిచి అతని వైపు వచ్చింది. 

"దిగు."

"పిల్లా..."

"గొర్రె కాబట్టి లేచి పోయింది. ఊళ్ళో ఏ పిల్లాడో సైకిలు మీద వస్తూ ఉంటే? దిగు, సెల్విన్."

అతను దిగాడు.  ఆమె ఎక్కి, అంత కిందికున్న సీట్లో నడుం సర్దుకోవడానికి చాలాసేపు పట్టింది. ఇంజను రెండు మూలుగులు మూలిగి అందుకుంది. ఆ దారి ఆమెకి తెలియదు. లైట్లు బిగించడమే గానీ మంచులో కొండ దాటే అవసరం ఆమెకి ఎన్నడూ రాలేదు.

"ఇప్పుడు ఎటు?"

"కుడికి, మెల్లగా. గోడ విరిగిన చోటు వస్తుంది, అక్కడ ఎడమకి. తరవాత పల్లం."

అతను చెబుతుంటే ఆమె నడిపింది. అతను కిటికీ వైపు తల తిప్పుకునే చెప్పాడు, ఒక్క మలుపూ తప్పకుండా. ఓవర్‌షా బ్యాండు గదిలో స్టవ్వు దగ్గర కోట్లు వేసే కుర్చీలో ఆమె కూర్చుంది. కూర్చోగానే నిద్రపోయింది. మొహం మీద గ్రీజు అలాగే ఉంది. ఎవరో ఆమె మీద ఒక కోటు కప్పారు.

తరవాతి గురువారం సెల్విన్ కారు బయటికి రాలేదు. ఆ తరవాతి గురువారమూ అంతే. కారు షెడ్డులో ఉంది, మనిషి ఇంట్లో ఉన్నాడు. పబ్బుకీ రాలేదు. ఐవీ ఎవరికీ ఏమీ చెప్పలేదు, నాకు తప్ప. నాకైనా చెప్పింది ఎందుకంటే పాల పెట్టె మీద కూర్చుని లేవడం లేదేమని నేను అడిగాను.

డిసెంబరు మొదట్లో ఓవర్‌షా బ్యాండు మాస్టరు ఎంట్‌విజిల్ కొండ దాటి మా గరాజుకి వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, లాంకషైర్ వాడు మా గడపలో నిలబడాల్సినట్టే.

"క్రిస్మస్ పాటలకి వీధుల్లో తిరగాలి. ఆయన లేకుండా మా పాటలకి అడుగు స్వరం లేదమ్మా. మా కుర్రాడొకడు వ్యానులో వచ్చి తీసుకెళ్తాడని కబురంపితే, 'నేను మోసుకుపోయే సామాను కాను' అన్నాడట. ఆ రోజు మీరు తీసుకొచ్చారు కదా. ఏమైందో మీకు తెలుసా?"

"తెలుసు" అంది ఐవీ, బల్ల మీద పని ఆపకుండా. "ఆయన చెబితే వినండి. నేను చెప్పను."

"మా వాళ్ళమీద కోపమా?"

"మీవాళ్ళమీద కోపం మాకు పుట్టుకతోనే ఉంది. ఇది అది కాదు."

ఎంట్‌విజిల్ నవ్వాలో వద్దో తెలియక వెళ్ళిపోయాడు. ఆమె చేతిలో వైరుని చాలాసేపు అలాగే పట్టుకుని ఉంది.

రెండు రోజులు పోయాక సెల్విన్ నడుచుకుంటూ వచ్చాడు. లోపలికి వచ్చి, కారు తాళాలు ఆమె బల్ల మీద, స్క్రూల డబ్బా పక్కన పెట్టాడు.

"గురువారం" అన్నాడు.

"ఏం గురువారం?"

"నువ్వు నడుపు. దారి నేను చెబుతాను."

"గురువారం నేను బట్టలుతుక్కుంటాను."

"బట్టలు శుక్రవారం ఉతుక్కో."

"శుక్రవారం నాకు కాళ్ళుండవు, సెల్విన్. గురువారం కూడా ఉండవు. చూడు, నా కాళ్ళు సోమవారం మధ్యాహ్నానికే అయిపోతాయి. ఆ వ్యాను కుర్రాడితో పో. పాతికేళ్ళవాడు, నిద్ర రాదు వాడికి."

"వాడికి దారి తెలుసు. నా అవసరం వాడికి లేదు."

ఆమె తలెత్తింది. అతను ఓరగా చూస్తున్నాడు, ఇప్పుడు దాచుకోకుండా.

"వాడి పక్కన కూర్చుంటే నేను సామానే. నీకయితే మలుపు తెలీదు కదా."

నార్మన్ ఆఫీసులో రేడియో తగ్గించాడు. నేను ఇంజనులోకి తల దూర్చాను.  ఐవీ తాళాలు తీసి తన ఓవరాల్ జేబులో వేసుకుంది, బరువైనదేదో వేసుకున్నట్టు.

"మాస్టరుకి నీ కళ్ళ సంగతి నువ్వే చెప్పు. నేను దొంగసరుకు మొయ్యను" అంది. "ఇంకోటి. హీటరు వేస్తాను."

"వేస్తే డైనమో..."

"డైనమో సంగతి నాకు నేర్పకు."

ఆ శనివారం ఆమె ఎంజీని గరాజులోకి తెచ్చి, దూరపు లైట్లు రెండూ, మధ్యలో పెట్టిన మంచు లైట్లు రెండూ విప్పేసింది. చిల్లులకి రబ్బరు బిళ్ళలు వేసింది. ఎడమ లైటుని కూడా పక్కనుంచి ఎదరికి తిప్పింది. ఆమెకి నడిమధ్య కనబడుతుంది కదా, అంచు చెప్పడానికి పక్కన అతనుంటాడు. సెల్విన్ పాల పెట్టె మీద కూర్చుని మర తిప్పే శబ్దాలు విన్నాడు. ఒక్కో లైటు బల్ల మీద పెట్టినప్పుడల్లా లెక్కపెట్టుకుంటున్నట్టు అతని పెదాలు కదిలాయి. గోడకి ఎదురుగా నిలబెట్టినప్పుడు ఈసారి సీట్లో ఆమె కూర్చుంది. గోడ దగ్గర మర తిప్పింది నేను.

ఎంట్‌విజిల్‌కి సెల్విన్ చెప్పాడు. మాస్టరు కాసేపు ఆలోచించి, కొత్త పాట ఏదొచ్చినా ముందు ఒకసారి పియానో మీద వాయించి వినిపించే ఏర్పాటు చేశాడట. ఐవీకి ఆ సంగతి తరవాత ఎవరో చెబితే తెలిసింది. ఆమె అప్పుడు స్టవ్వు దగ్గర నిద్రలో ఉంది.

చలికాలమంతా వెళ్ళారు. పబ్బులో వాళ్ళకి కొత్త మేత దొరికింది. "ఏం సెల్విన్, మొత్తానికి పెళ్ళాం దొరికిందే!" అంటే, "డ్రైవరు దొరకడం కష్టం, పెళ్ళాలు బోలెడు" అనేవాడు. ఐవీ ఆ మాట విని, "పెళ్ళానికి గురువారం సెలవుంటుంది" అంది. శుక్రవారం పొద్దున్న ఆమె పెట్టె మీద మామూలు కన్నా ఎక్కువసేపు కూర్చునేది. మోకాళ్ళతో మాటలు కూడా తగ్గించేసింది. నార్మన్ శుక్రవారాలు కార్ల కింద పని నాకు ఇచ్చేవాడు. నాకు వైర్ల పని ఏమీ తెలియదు. ఆమె పెట్టె మీద కూర్చుని చెబుతుంటే చేసేవాణ్ణి. ఎర్తు బోల్టు దగ్గర రంగు సరిగ్గా గీకకపోతే శబ్దం బట్టే తెలిసిపోయేది ఆమెకి. "ఇంకా" అనేది. "ఇంకా."

ఫిబ్రవరిలో ఒక గురువారం ఆమె నిజంగానే లేవలేకపోయింది. జలుబు చేసి, నడుం పట్టేసి, ఇంట్లో నిప్పు పక్కన కుర్చీలో, స్టూలు మీద కాళ్ళు పెట్టుకుని పడుకుంది. నేను మందు సీసా ఇవ్వడానికి వెళ్ళేసరికి సెల్విన్ గుమ్మంలో ఉన్నాడు, బూర పెట్టెతో. మా ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని వరసగా ఉంటాయి. పక్కింటి దగ్గు కూడా వినబడుతుంది.

"ఈవారం లేదు, సెల్విన్. క్షమించు" అంది కుర్చీలోంచి.

"తెలుసు. నార్మన్ చెప్పాడు." అతను పెట్టె దించి, తలుపు చెక్క పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. "ఈస్టరు పోటీకి కొత్త పాట ఇచ్చారు. రెండో భాగం నోటికి రావట్లేదు. మా ఇంట్లో ఒక్కణ్ణే ఊదుకుంటే తప్పు ఎవరు పడతారు?"

"నాకు పాట తెలుసా ఏమిటి?"

"మూణ్ణెల్ల నుంచి మా పాటలు వింటున్నావు."

"నిద్రపోతున్నాను, మనిషీ. మూణ్ణెల్ల నుంచి నిద్రపోతున్నాను."

అతను ఆ సంగతి పట్టించుకోలేదు. వంటింటి కుర్చీ లాక్కుని, బూర ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె నాకేసి చూసి, కెటిల్ వైపు చెయ్యి ఊపింది. నేను టీ పెట్టాను. అతను ఊదడం మొదలుపెట్టగానే పక్కింటావిడ గోడ మీద చీపురుకర్రతో కొట్టింది. అతను ఆగాడు.

"ఊదు" అంది ఐవీ కళ్ళు మూసుకుని. "మెల్లగా ఊదు."

అతను మెల్లగా ఊదాడు. నిజంగానే రెండో భాగంలో ఒకచోట తడబడ్డాడు, నాకు కూడా తెలిసింది. మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు. నేను టీ కప్పు ఆమె పక్కన పెట్టేసరికి ఆమె నిద్రలోకి జారిపోయి, తల వెనక్కి వాలిపోయింది. సెల్విన్‌కి ఆమె మొహం కనబడదు గనక అతను ఆపలేదు. నేను చెప్పలేదు.